తగువుకు సరిపడా ఫార్సీ

వియ్యపురాలి ఇంట్లో కిటికీ పక్కనున్న కుట్టుమిషను మీద పూలకుండీ పెట్టి ఉంది. పానా పెద్దమ్మ గడప దాటగానే ముందు చూసింది దాన్నే. మిషను మీద ఎవరైనా పూలకుండీ పెట్టారంటే అది అలంకారం కాదు. ఆ మిషను ఇక కుట్టదని ఒప్పేసుకున్నట్టు. ఈమధ్యే ఆ మిషనును విప్పి, తుడిచి, అరిగిన భాగాలు మార్చి పంపింది పెద్దమ్మే.

మా వీధి మలుపులో, మెట్ల కింద గది ఆవిడ దుకాణం. కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ పానా పెద్దమ్మ. ఈ పని ఆవిడకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. భర్త ఉన్న రోజుల్లో ఆయన విప్పి, మళ్ళీ బిగించలేక గోనెసంచిలో పడేసిన మిషన్లను ఒక్కొక్కటే బయటికి తీసి నేర్చుకుంది. తప్పు బిగిస్తే మిషను తాలూకు మనిషి వచ్చి దుకాణం ముందు నిలబడి కేకలేసేవాడు. ఆ కేకల్లోనే తప్పేమిటో దొరికేది. "దారం తెంపుతోంది" అంటే ఒక చోట చూడాలి, "కుట్టు వదిలేస్తోంది" అంటే ఇంకో చోట. అలా తిట్లు తిని తిని చెయ్యి కుదురుకుంది. తనను పొగిడినవాళ్ళ దగ్గర నేర్చుకున్నది ఏమీ లేదని ఆవిడే అంటుంది.

అందుకే ఆ పూలకుండీ ఆవిడ కంట్లో నలుసులా పడింది.

పెద్దమ్మ కూతురు మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఆ పక్కనే కళ్ళద్దాలు అమర్చే అబ్బాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అబ్బాయి ఇంట్లో మాట ఫార్సీ. పెళ్ళయ్యాక అతని తల్లి తన దేశం నుంచి వచ్చి కొడుకూ కోడళ్ళతోనే ఉంటోంది. వస్తూ వస్తూ తన తల్లి వాడిన నల్ల మిషనును మోసుకొచ్చుకుంది. దాని మీద పరదాలు కుట్టి ఇచ్చేది. ఊదితే ఎగిరేంత పల్చటి పరదాలు. ఆవిడకి తెలుగులో వచ్చిన మాట "వదినగారూ" ఒక్కటే. పెద్దమ్మకి ఫార్సీలో అప్పటికి ఆ ఒక్కటీ కూడా లేదు. ఇద్దరి మధ్యా మాటలు మోసేది అమ్మాయి.

"ఏమే, మిషను కుట్టట్లేదా?" అని కూతుర్ని అడిగింది పెద్దమ్మ.

"కుడుతోందమ్మా. ఇప్పుడు పని లేక అలా పెట్టారు."

"పని లేకా? మరి ఆ మూలనున్న ప్లాస్టిక్ మిషనేంటి? దాని చుట్టూ దారాలేంటి?"

"అది... చిన్నచిన్న పనులకి."

"అడుగు ఆవిణ్ణి. నేను చేసిన మిషను ఎలా ఉందో అడుగు."

అమ్మాయి ఏదో అడిగింది. వియ్యపురాలు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, నిండుగా నవ్వుతూ చాలాసేపు చెప్పింది.

"చాలా బావుందట" అంది అమ్మాయి.

"అంతసేపు చెప్పింది ఈ ముక్కేనా?"

"నీ చేతులు నొప్పి పుట్టకూడదు అంటున్నారు. వాళ్ళు అలా అంటారమ్మా, మనం సంతోషం అన్నట్టు."

"నా చేతుల సంగతి తర్వాత. మిషను సంగతి చెప్పమను."

ఇక లాభం లేదని పెద్దమ్మే లేచి పూలకుండీ దింపింది. తన సంచిలో ఎప్పుడూ ఉండే కాన్వాసు ముక్కను మిషను పాదం కిందికి తోసి కుట్టి చూసింది. చక్రం కొంచెం బరువుగా తిరిగినా కుట్టు గీత గీసినట్టు వచ్చింది. తప్పు కనిపించలేదు. కనిపించని తప్పు ఉన్నచోట చెప్పే నోరు కావాలి. ఆ నోరేమో నవ్వుతూ ఫలహారం పళ్ళెం ముందుకు జరుపుతోంది.

ఇంటికి వచ్చినా పెద్దమ్మకి అదే ధ్యాస. ఆవిడ తల్లి మిషను అది. దేశాలు దాటి వచ్చినా బతికే ఉంది. నా చేతిలో పడ్డాక మూగబోయింది. ఏం పాడుచేశానో తెలియకపోతే రేపు ఇంకోళ్ళదీ అలాగే పాడుచేస్తాను. ఆవిడ చేత ఆ తప్పేదో చెప్పించి తీరాలి.

గ్రంథాలయం పైగదిలో ఫార్సీ తరగతి జరుగుతోందని తెలిసి చేరింది. అక్కడ అందరూ కుర్రవాళ్ళు. పలకరింపులు, రంగులు, పళ్ళ పేర్లు, స్టేషనుకు దారి ఎటు అనేవి నేర్పారు. పెద్దమ్మకి అందులో సగం ముందే తెలిసినట్టు అనిపించింది. పరదా అంటే పరదాయే. జేబు జేబే, ఖరాబు ఖరాబే. "ఇదంతా మనదే కదండీ, మళ్ళీ నేర్పుతారేం?" అని పంతులమ్మను అడిగింది కూడా. మొదటి మెట్టు అయిపోయాక, రెండో మెట్టుకు పిల్లలు చాల్లేదని తరగతి ఎత్తేశారు.

వచ్చినంత మూటగట్టుకుని వియ్యపురాలి దగ్గరికి వెళ్ళింది. "మిషను ఖరాబా?" అని ఫార్సీలో అడిగింది.

వియ్యపురాలు ఆనందం పట్టలేక కౌగిలించుకుంది. పక్క ఫ్లాటావిణ్ణి పిలిచింది. "మళ్ళీ అనండి, మళ్ళీ అనండి" అని అనిపించింది. కొడుక్కి ఫోను చేసి వినిపించింది. మిషను ఖరాబా కాదా అన్నది మాత్రం చెప్పలేదు.

మా వీధిలోనే జోళ్ళు కుట్టే మేస్త్రీ ఒకడున్నాడు. అతని సొంత భాష ఫార్సీ. ఇక్కడికి వచ్చి చాలాకాలమైంది కాబట్టి తెలుగు మనలాగే మాట్లాడతాడు. అతని మిషన్లన్నీ పెద్దమ్మ చేతి మీదుగా నడిచేవే. మర్నాడు ఆవిడ అతని దగ్గరికి వెళ్ళింది.

"మీ వాళ్ళు పని బాలేదని ఎలా చెప్తారయ్యా?"

"ఎవరికి చెప్పాలి పెద్దమ్మా?"

"వియ్యపురాలికి."

మేస్త్రీ సుత్తి కింద పెట్టేశాడు. "వియ్యపురాలికా? ప్రాణం పోయినా చెప్పరు. కొడుక్కి చెప్తారు, కోడలికి చెప్తారు, గోడకి చెప్తారు. ఆవిడకి మాత్రం చేతులు నొప్పి పుట్టకూడదనే చెప్తారు. దాన్ని తారోఫ్ అంటాం. మర్యాద."

"తప్పు నాదేనని నేనే ముందు ఒప్పుకుంటే?"

"అయ్యయ్యో, ఇంకా మెచ్చుకుంటుంది. మీరు ఒక మెట్టు దిగితే ఆవిడ మిమ్మల్ని రెండు మెట్లు ఎక్కిస్తుంది."

"మర్యాదలు పక్కనబెట్టి ఉన్నది చెప్పండి అంటే?"

"అది కూడా మర్యాదకి అనే మాటే."

"మరి మీ ఇళ్ళల్లో తగువులే ఉండవా?"

"ఉండకేం! పైకప్పు లేచిపోతుంది. కోపమొస్తే తారోఫ్ గీరోఫ్ ఏదీ ఉండదు."

పెద్దమ్మ అతని మిషను పక్కన కూర్చుని బెల్టు సరిచేసింది. పని చేస్తుంటేనే ఆవిడ బుర్ర నడుస్తుంది. పనితనం ఉన్న మనిషికి కోపం ఎప్పుడొస్తుంది? తన పనికి వంక పెడితే వస్తుంది. తనకైతే ఒళ్ళు మండుతుంది. ఆవిడా పనిచేసే మనిషే కదా.

"కుట్టు వంకరగా ఉంది అనడం ఎలాగ?"

మేస్త్రీ చెప్పాడు. పెద్దమ్మ దాన్ని బట్టీపట్టి, ఆ వారమే వెళ్ళి, వియ్యపురాలు కుడుతున్న పరదా పట్టుకుని ఆ మాట అనేసింది. వియ్యపురాలు పకపకా నవ్వింది. వదినగారు పాపం ఏదో మెచ్చుకోబోయి మాట తారుమారు చేసుకున్నారనుకుంది. బుగ్గలు ముద్దాడి, సరైన మాట "అందంగా ఉంది" అని రెండుసార్లు పలికి నేర్పింది.

పెద్దమ్మ మొహం మాడ్చుకుని మేస్త్రీ దుకాణానికి తిరిగి వచ్చింది. "తిట్టినా తిట్టినట్టు లేదయ్యా. వచ్చీరాని భాషలో తిడితే ముద్దుచేస్తున్నారు. తెలిసే తిడుతున్నానని ఆవిడకి తెలియాలి. అంత భాష కావాలి నాకు."

"అంత భాషంటే చాలా దూరం పెద్దమ్మా."

"దూరమైతే నడుస్తాను. నువ్వు రేపట్నుంచి నాతో తెలుగు మాట్లాడకు."

ఇది తెలిసి కూతురు తల పట్టుకుంది.

"నీకు వచ్చింది చాలమ్మా. అత్తయ్యగారు నీ మాటలకి మురిసిపోతున్నారు."

"మురిసిపోడానికి నేను చంటిపిల్లనా? వచ్చిన ప్రతిసారీ సలామ్ చెప్పి చప్పట్లు కొట్టించుకోవాలా?"

"ఏదైనా ఉంటే నేను చెప్తున్నాను కదా."

"నువ్వు చెప్పేదంతా తేనె పూసి చెప్తావు. మిషను లోపల తేనె పూస్తే ఏమవుతుందో తెలుసా?"

అల్లుడు మెల్లగా, "అత్తయ్యా, ఈ వయసులో ఎందుకింత శ్రమ?" అన్నాడు. "ఈ వయసులో నోరు తిరగదనా? తిరుగుతుంది బాబూ. తిరిగాక మీరే చెవులు మూసుకుంటారు" అంది.

మేస్త్రీ మంచివాడే కానీ అతనితో మొదట్లో పని జరగలేదు. తనకన్నా పెద్దావిడ ఎదురుగా ఉండేసరికి అతని నోట్లోంచీ మర్యాదలే వచ్చేవి. చివరికి దారి చూపించింది అతని బావమరిది. మేస్త్రీ బండి అడిగి తీసుకెళ్ళి అద్దం విరగ్గొట్టి తెచ్చాడు. ఏమీ ఎరగనట్టు గోడకి ఆనించి వెళ్ళిపోయాడు. ఆ రోజు మేస్త్రీ అతన్ని తలుచుకుని తన భాషలో అందుకున్నాడు చూడండి! పెద్దమ్మ పానా పక్కన పెట్టి చెవులప్పగించి వింది.

ఆ తర్వాత రోజూ అదే పాఠం. పెద్దమ్మ బావమరిది అవుతుంది, మేస్త్రీ దులుపుతాడు. మర్నాడు మేస్త్రీ బావమరిది అవుతాడు, పెద్దమ్మ దులుపుతుంది. జోళ్ళు కొనడానికి వచ్చినవాళ్ళు ఇదేం గొడవరా బాబూ అని గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్ళు. అక్కడ ఆవిడకి తెలిసింది, తరగతిలో చెప్పినట్టు ఎవరూ మాట్లాడరని. పుస్తకంలో "మీఖాహమ్" అని ఉన్న "కావాలి", నోట్లోకి వచ్చేసరికి "మీఖామ్" అయి కూర్చుంటుంది. "ఖానే" అని నేర్చుకున్న ఇల్లు బజార్లో "ఖూనే". అంతకన్నా ముఖ్యం, ఏ పాఠంలోనూ లేని చిల్లర మాటలు. "ఆఖే" అని మొదలుపెడితే ఇక వాదన దిగినట్టే. "యానీ చీ" అని విసిరితే, అసలు ఇదేంటి అని నిలదీసినట్టు. మిషనుకు చిన్న స్ప్రింగుల్లాంటివి ఇవి. ఒక్కటి లేకపోయినా అంతా బిగించే ఉంటుంది గానీ పట్టు రాదు.

మేస్త్రీ తల్లి ఫోనులో అతని చెల్లెల్ని చివాట్లు పెట్టి పంపే సందేశాలుంటే, చెల్లెలి అనుమతి తీసుకునే, వాటిని మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని వినేది. "ఎంత చక్కగా తిడుతోందయ్యా మీ అమ్మ! ఎక్కడా ఊపిరి తీసుకోదు" అని మెచ్చుకునేది. మొదట అందులో ఒక మాట కూడా పట్టుబడలేదు. తర్వాత్తర్వాత తిట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసింది. ఇంకొన్నాళ్ళకి చెల్లెలి తరఫున జవాబు చెప్పబోయి, ఫోను కదా అని నాలిక్కరుచుకుంది.

"ఇక వెళ్ళండి పెద్దమ్మా. నాకే కోపం వస్తోంది మీతో మాట్లాడితే" అన్నాడు మేస్త్రీ ఒకరోజు. ఆవిడ అందుకోసమే చూస్తోంది.

సెలవు రోజు మధ్యాహ్నం వెళ్ళింది. వియ్యపురాలు కిటికీ దగ్గర ప్లాస్టిక్ మిషను మీద ఓ పొడవాటి తెల్ల పరదా కుడుతోంది. అమ్మాయి లోపల బట్టలు మడతపెడుతోంది. టీ వచ్చింది. పెద్దమ్మ టీ ముట్టుకోలేదు. పరదా అంచు అందుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. ఆ తర్వాత జరిగిన మాటలన్నీ ఫార్సీలోనే జరిగాయి.

"ఈ అంచు ఎవరు కుట్టారండీ?"

"నేనే, ఖానూమ్" అంది వియ్యపురాలు, మనం అమ్మగారూ అన్నట్టు.

"అలాగా. చెయ్యి తిరగనివాళ్ళెవరో కుట్టారనుకున్నాను."

వియ్యపురాలు నవ్వింది. "మీరు అనాల్సిన మాట అది కాదు. అందంగా ఉంది అనాలి."

"నేను అనాల్సిన మాటే అన్నాను. ఆఖే, చూడండి. ఇక్కడ ముడత, ఇక్కడ వంకర. ఇక్కడ కుట్టు గుడ్డలో లేదు, గాల్లో ఉంది. నేర్చుకునే పిల్ల కుట్టినా ఇంతకంటే బాగా వస్తుంది. దీన్ని ఇంకొకరి కిటికీకి కడతారా? యానీ చీ?"

నవ్వు అలాగే ఉంది గానీ దాని కింద మొహం మారింది. వియ్యపురాలు టీకప్పు కింద పెట్టింది.

"వంకరా? నా కుట్టు వంకరా? మా అమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న కుట్టు ఇది! ఈ ప్లాస్టిక్ డబ్బా మీద కుడితే ఇంతకంటే ఎలా వస్తుంది? నా మిషనే గనక ఉంటే..." అని ఠక్కున ఆగి చేత్తో నోరు మూసుకుంది.

"ఉందిగా మీ మిషను. పూలకుండీ మోస్తోంది. దాని మీద కుట్టడం చేతకాదా?"

ఇక ఆగలేదు ఆవిడ.

"దాన్ని పాడుచేసిందెవరు? నువ్వు! నీ చేతికిచ్చేదాకా పల్చటి గుడ్డ మీద నీళ్ళలా సాగేది. నువ్వు పంపాక నా పరదాని లోపలికి లాక్కుని నమిలేస్తోంది! ఎన్ని గజాలు పాడయ్యాయో నీకేం తెలుసు? వియ్యపురాలివి కదాని ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాను. నువ్వొచ్చి నా చేతికి వంక పెడతావా?"

"నువ్వు" అన్న మాట చెవిన పడగానే పెద్దమ్మకి ఒళ్ళంతా తేలికైంది. అయినా మొహంలో కనబడనివ్వలేదు.

అమ్మాయి లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, అత్తయ్యగారి ఉద్దేశం ఏంటంటే—"

"నువ్వు నోరు ముయ్యి" అంది పెద్దమ్మ తెలుగులో.

"నువ్వు మధ్యలోకి రాకు" అంది వియ్యపురాలు ఫార్సీలో.

పెద్దమ్మ అప్పటికే పూలకుండీ దింపేసింది. "ఎక్కడ నములుతోంది? మొదట్లోనా, మధ్యలోనా?"

"మొదట్లోనే! అంచు మీద సూది దిగీ దిగకముందే!"

"అదిమి పట్టిన జాడలు పడుతున్నాయా గుడ్డ మీద?"

"పళ్ళు దిగినట్టు!"

పెద్దమ్మకి అంతా తెలిసిపోయింది. మా వీధిలో కుట్టేవాళ్ళంతా సంచులు, సీటు కవర్లు, జోళ్ళు కుట్టేవాళ్ళే. ఆవిడ దృష్టిలో మిషను బాగుండడమంటే మందం గుడ్డను దడదడా కుట్టడం. వియ్యపురాలి మిషనులో సూది దిగే ప్లేటు కొంచెం గీరుకుపోయి ఉంటే తీసేసి, పెద్ద రంధ్రమున్న కొత్త ప్లేటు వేసింది. గుడ్డను తోసే పళ్ళు ముతకవి పెట్టింది. పాదాన్ని గట్టిగా అదిమేలా బిగించింది. కాన్వాసు మీద పరీక్షించి పంపింది. పల్చటి పరదా పాపం ఆ రంధ్రంలోకి పోక ఏంచేస్తుంది?

"తప్పు నాదే" అంది. "నీ గుడ్డ ఏదో అడక్కుండా నా గుడ్డకి సరిపోయేట్టు చేశాను. పాతవి నా దగ్గరే ఉన్నాయి. పట్టు, తీసుకెళ్దాం."

"నేనూ వస్తాను. నిన్ను నమ్మను."

"రా! నమ్మమని ఎవరు బతిమాలారు?"

మిషను తలను చెరోవైపు పట్టుకుని ఇద్దరూ మెట్లు దిగారు. "నెమ్మది" అని ఒకరు, "నాకు తెలుసు" అని ఇంకొకరు. వీధి వీధంతా చూస్తోంది. వెనకాల పరదా గుట్టను గుండెలకి హత్తుకుని అమ్మాయి. మేస్త్రీ తన గుమ్మంలోంచి తొంగిచూసి, మాటలు వినబడగానే లోపలికి తప్పుకున్నాడు.

దుకాణంలో వియ్యపురాలికి స్టూలు వేసింది పెద్దమ్మ. ఆవిడ కూర్చోలేదు, భుజం మీదుగా వంగి చూస్తూ నిలబడింది. పాత ప్లేటు మీది గీరుడును పెద్దమ్మ సన్నటి ఉప్పుకాగితంతో అరగదీసింది. దారం కొస దాని మీద లాగి చూసి, పట్టుకుంటే మళ్ళీ అరగదీసింది. అది తెమిలే పని కాదు. మెరుగు పెట్టిన లోహం చేతికి నున్నగా తగిలినా దారానికి తగులుతుంది, అందుకని దారం ఒప్పుకునేదాకా ఆపకూడదు. పాత పళ్ళు వేసింది. పాదం మీది మరను వదులు చేసింది. లేచి, కుర్చీ చూపించింది.

వియ్యపురాలు పరదా అంచు పెట్టి కుట్టింది. మిషను దాన్ని మింగలేదు. కొంతదూరం పోయాక ఆపి, వెలుతురుకు ఎత్తింది.

"ఇక్కడ లాగుతోంది."

"మిషను లాగట్లేదు, నువ్వు లాగుతున్నావు. భయపడి రెండు చేతుల్తో బిగబట్టావు. వదులు."

"నాకు కుట్టడం నేర్పుతావా?"

"వదిలి చూడు, ఆ తర్వాత తిట్టు."

వదిలింది. పరదా తనంతట తానే ముందుకు సాగింది. ఈసారి వియ్యపురాలు వెలుతురుకు ఎత్తి చూడలేదు. వేలి కొసతో కుట్టు వెంట తడుముకుంటూ చివరిదాకా పోయింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఇంకో అంచు అందుకుని, మొహం చిట్లించింది.

"బరువుగా తిరుగుతోంది చక్రం. ఇదీ నీ పనేనా?"

"నేను పంపినప్పుడు బరువు లేదు." పెద్దమ్మ మిషనును వెనక్కి వాల్చి అడుగున వేలు పెట్టింది. వేలికి గోధుమరంగు జిగురు అంటింది. వాసన చూసింది. "వంటనూనె! మిషనులో వంటనూనె పోస్తారా ఎవరైనా? ఇదేనా మీ అమ్మ నేర్పింది?"

"నేనా? నేను పోస్తానా? మా అమ్మ మిషనులో నేను వంటనూనె పోస్తానా!"

ఇద్దరూ ఒకేసారి ఆగారు. ఒకేసారి అమ్మాయి వైపు తిరిగారు.

అమ్మాయి పరదా గుట్టను ఇంకాస్త పైకి ఎత్తుకుంది. "అత్తయ్యగారు నమిలేస్తోందని రోజూ నాతో అంటుంటే... అమ్మకి తెలిస్తే బాధపడుతుందని... కాస్త నూనె పోస్తే సర్దుకుంటుందేమోనని..." అని నీళ్ళు నమిలింది. "చెప్తాను. ఏ భాషలో చెప్పమంటారు?"

"రెండిట్లోనూ చెప్పు" అని ఒకరు తెలుగులో, ఒకరు ఫార్సీలో అన్నారు.